పార్కు, వీధి, బడి ముందు రోడ్డు: నివాసుల్ని ఏమడగాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. పార్కు, దాన్ని ఆనుకుని ఉన్న రెండు వీధులు, బడి గేటు ముందున్న రోడ్డు బాగుచేస్తామని మునిసిపాలిటీ చెప్పింది. మూడు నెలల్లో నివాసుల సూచనలు ఇమ్మంది. మీ సంఘం తరఫున వాట్సాప్ గ్రూపులో ఫారం పెట్టారు, ఒక ఆదివారం పొద్దున మీటింగ్ కూడా పెట్టారు. ఫారం నింపినవాళ్లు చాలా తక్కువ. మీటింగ్ మొత్తం పార్కింగ్ గొడవతోనే సరిపోయింది. ‘జనానికి పట్టదు, ఇక మేమే నలుగురం కూర్చుని రాసిచ్చేద్దామా?’ అని అడిగారు.

రాసివ్వకండి. జనానికి పట్టక కాదండి, అడిగిన తీరులోనే ఉంది తేడా. మీ ఫారంలో మొదటి ప్రశ్న ‘పార్కు అభివృద్ధికి మీ విలువైన సూచనలు రాయండి’. పనుల మధ్య ఫోన్ చూసుకునే మనిషి దానికి ఏం రాస్తాడు? శుభ్రంగా ఉంచండి, లైట్లు వేయండి, జిమ్ పరికరాలు పెట్టండి. ఎక్కడికెళ్లినా ఈ మూడే వస్తాయి. నేను ఇరవై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను. మొదటి నాలుగైదేళ్లు నేనూ ఇలాగే అడిగాను, ఇవే జవాబులు ఫైల్లో పెట్టుకున్నాను, జనానికి ఆలోచనలే రావని తేల్చేసి కూర్చున్నాను.

పార్కు ఎలా ఉండాలో గీయడం డిజైనర్ నేర్చుకున్న విద్య. నివాసికి తెలిసింది తన రోజు. కాబట్టి దాని గురించే అడగండి. నిన్న సాయంత్రం పార్కుకు వెళ్లారా? ఎంతసేపున్నారు? ఎందుకు లేచి వచ్చేశారు? వెళ్లకపోతే ఏం అడ్డమొచ్చింది? బడి రోడ్డు విషయంలో నాకు బాగా పనికొచ్చిన ప్రశ్న ఒకటుంది: ‘పిల్లను బడికి తీసుకెళ్లేటప్పుడు ఏ చోటికొచ్చేసరికి చెయ్యి గట్టిగా పట్టుకుంటారు?’ దీనికి ఎవరూ ఆలోచించుకోరు, టక్కున చెప్పేస్తారు. ఇరవై మందిని అడిగి మ్యాపు మీద చుక్కలు పెట్టండి, అవి రెండు మూడు చోట్లే గుంపుగా పడతాయి. బడి ముందు రోడ్డు మీద ఎక్కడ మొదలుపెట్టాలో అక్కడే తెలిసిపోతుంది.

అడగడం ఒక్కటే చాలదు, కూర్చుని చూడాలి కూడా. ఒక పార్కులో ఫారం నింపినవాళ్లలో చాలామంది ‘బెంచీలు పెంచండి’ అని రాశారు. తీరా వెళ్లి చూస్తే ఉన్న బెంచీలే సగం ఖాళీ. వరసగా రెండు సాయంత్రాలు అక్కడే కూర్చున్నాను. ఒక పెద్దావిడ మూడు చుట్లు నడిచి, ఖాళీ బెంచీల పక్కనుంచే వెళ్లి, గేటు దగ్గరున్న పొట్టి గోడ మీద కూర్చుంది. బెంచీ మీద ఎందుకు కూర్చోలేదని అడిగాను. ‘అందులో కూర్చుంటే లేవలేను బాబూ. ఇక్కడైతే ఈ కమ్మీ పట్టుకుని లేస్తాను’ అంది. వెళ్లి కొలిచి చూశాం. బెంచీలు బాగా కిందికున్నాయి, పక్కన చేతులానించే పట్టీలు లేవు. ఆ పార్కుకు కావలసింది కొత్త బెంచీలు కాదు, ఉన్నవాటికి చేతులు. అంతమంది ఫారం నింపారు, ‘బెంచీకి పట్టీలు పెట్టండి’ అని ఒక్కరూ రాయలేదు. ఎలా రాస్తారు? ఆవిడకు తన మోకాళ్ల సంగతి తెలుసు గానీ, అది పార్కు వాళ్లు చూసుకోవాల్సిన విషయమని తట్టదు కదా.

జనం చెప్పేదానికీ చేసేదానికీ ఇలాంటి తేడా ఉంటుందని విలియం వైట్ అనే ఆయన 1970లలో న్యూయార్క్‌లో కెమెరాలు పెట్టి మరీ చూపించాడు. పెద్ద భవనాల ముందుండే ఖాళీ జాగాల్లో జనం ఎక్కడ కూర్చుంటున్నారు, ఎక్కడ నిలబడి మాట్లాడుకుంటున్నారు అని గంటల తరబడి చిత్రీకరించాడు. అడిగితే అందరూ ‘రద్దీకి దూరంగా ప్రశాంతంగా ఉండాలి’ అనేవారు. చిత్రాల్లో చూస్తే నలుగురూ తిరిగే చోటనే కూర్చునేవారు. అందుకే ‘ప్రశాంతంగా ఉండాలి’ అని ఎవరైనా రాశారని పార్కులో ఎవరికీ కనబడని మూల వెతికి బెంచీ వేయించకండి. ఆ బెంచీ మీద సాయంత్రం ఎవరూ కూర్చోరు, చీకటి పడ్డాక కూర్చునేవాళ్ల గురించి మళ్లీ ఫిర్యాదులొస్తాయి.

పచ్చిక మీద కాళ్లు పడి ఏర్పడ్డ అడ్డదారులు కూడా చూడండి. గేటు నుంచి బస్టాపు వైపు గడ్డి అరిగిపోయి సన్నటి బాట పడిందంటే, అది వందలమంది కాళ్లతో రాసిచ్చిన సూచన. దానికి కంచె కట్టకుండా రాళ్లు పరిస్తే సరిపోతుంది. వాన పడ్డ మర్నాడు కూడా ఒకసారి తిరగండి. నీళ్లెక్కడ నిలుస్తున్నాయో, జనం ఫుట్‌పాత్ దిగి రోడ్డు మీదికి ఎక్కడ వస్తున్నారో ఆ రోజు కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది.

ఇక నడక. మీకున్న మూడు నెలల్లో ఒక్క పనికే ఓపికుంది అంటే నేను ఇదే చేయమంటాను. ఎనిమిది పదిమంది చాలు, అంతకు మించితే వెనకున్నవాళ్లకు ముందు మాట్లాడేది వినబడదు. ఒకరు రాసుకోవాలి, ఒకరు ఫోటోలు తీయాలి, ఒకరి చేతిలో మ్యాపు. ఆగిన ప్రతిచోటా నంబరు వేసుకోండి, ఫోటోకూ రాతకూ అదే నంబరు ఇవ్వండి. లేకపోతే ఇంటికెళ్లాక ఏ గుంట ఎక్కడిదో ఎవరికీ గుర్తుండదు. ఆదివారం పొద్దున పదకొండింటికి మాత్రం వద్దు, ఆ సమయంలో ఏ రోడ్డయినా బాగానే ఉంటుంది. బడి రోడ్డు మీద బడి వదిలే వేళకు నడవండి. పార్కు చుట్టూ ఉన్న వీధుల్లో చీకటి పడ్డాక నడవండి. ఆ నడకలో ఆడవాళ్లు ఎక్కువగా ఉండాలి, కుదిరితే వాళ్లే ముందు నడవాలి. 1989లో టొరంటోలో మహిళలపై హింసకు వ్యతిరేకంగా పనిచేసే ఒక సంస్థ ఇలాంటి రాత్రి నడకలకు ప్రశ్నల పట్టిక తయారుచేసింది. తర్వాత చాలా దేశాల నగరాలు దాన్ని తీసుకున్నాయి. అందులో అడిగేవి చాలా మామూలు ప్రశ్నలు. ఇక్కడ నిలబడితే ముందున్నది ఎంతదూరం కనిపిస్తుంది? అరిస్తే ఎవరికి వినబడుతుంది? ఎవరైనా వెంటపడితే ఇక్కణ్నుంచి బయటపడే దారేది? వీటికి ఇంట్లో కూర్చుని జవాబు రాయలేం. స్తంభానికి లైటు ఉండే ఉంటుంది, దాని వెలుగు చెట్టు కొమ్మల్లో చిక్కుకుని కిందికి రావట్లేదని అక్కడ నిలబడితేనే తెలుస్తుంది. అప్పుడు కావలసింది కొత్త లైటు కాదు, కొమ్మ కొట్టే మనిషి.

బడి రోడ్డు మీద నడిచేటప్పుడు పెద్దవాళ్లందర్నీ ఒకసారి గొంతుక్కూర్చోమనండి. నవ్వుతారు, పర్లేదు. మూడేళ్ల పిల్ల సుమారు 95 సెంటీమీటర్ల ఎత్తుంటుంది. నెదర్లాండ్స్‌కు చెందిన ఒక ఫౌండేషన్ ఈ ఎత్తు పేరుతోనే, ‘అర్బన్ 95’ అని, నగరాలతో కలిసి ఒక కార్యక్రమమే నడుపుతోంది. ఆ ఎత్తు నుంచి నగరాన్ని చూడండి అంటారు వాళ్లు. నేను మొదటిసారి బడి గేటు ఎదురుగా, ఆగి ఉన్న రెండు కార్ల మధ్య అలా కూర్చున్నప్పుడు నాకు రోడ్డే కనబడలేదు. కనబడింది బంపర్, నంబరు ప్లేటు, సైలెన్సర్ గొట్టం. వస్తున్న బండి శబ్దం వినబడుతోంది గానీ ఏ వైపునుంచో తెలియలేదు. అటుగా బండి మీద వస్తున్న మనిషికి నా తల కూడా కనబడి ఉండదు. అప్పటివరకు ‘గేటు ముందు రెండు బళ్లు ఆపుకుంటే ఏమైందండీ’ అని వాదించిన ఒకాయన నా పక్కనే కూర్చుని, లేచాక ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

ఇక్కడే స్పీడ్ బ్రేకర్ సంగతి చెప్పాలి, ఎందుకంటే మీకు వచ్చే చీటీల్లో సగం అదే ఉంటుంది. స్పీడ్ బ్రేకర్ అని ఎవరైనా రాస్తే కొట్టేయకండి, అలాగని యథాతథంగా పైకి పంపించకండి. అది వైద్యం పేరు, జబ్బు పేరు కాదు. ‘ఎక్కడ, ఏ వేళకు, ఏ బండి భయపెట్టింది?’ అని తిరిగి అడగండి. బండి వేగం రెట్టింపైతే బ్రేకు వేశాక ఆగడానికి పట్టే దూరం రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. కాబట్టి వేగం తగ్గించాలన్న కోరిక నూటికి నూరుపాళ్లు సబబే. కానీ చాలాచోట్ల గొడవంతా మలుపు దగ్గర ఉంటుంది. మూల మరీ గుండ్రంగా, వెడల్పుగా ఉంటే బండి వేగం తగ్గించకుండానే తిరిగేస్తుంది. ఆ మూలను బిగిస్తే, అంటే ఫుట్‌పాత్‌ను కాస్త ముందుకు తెస్తే, బండి తప్పనిసరిగా నెమ్మదిస్తుంది, పిల్లలు దాటాల్సిన దూరమూ తగ్గుతుంది. జబ్బు సరిగ్గా రాసిస్తే ఇంజనీరు మందు సరిగ్గా ఇస్తాడు.

మీటింగ్‌కు రానివాళ్ల సంగతి వేరే చూసుకోవాలి. అద్దెకుండేవాళ్లు, రాత్రి డ్యూటీ చేసేవాళ్లు, ఇళ్లల్లో పనికి వచ్చి వెళ్లేవాళ్లు, వీల్‌చైర్‌లో తిరిగేవాళ్లు, కాలేజీ పిల్లలు. వీళ్లను పిలిస్తే రారు, మనమే వెళ్లాలి. బడి వదిలే ముందు గేటు దగ్గర తల్లిదండ్రులు ఎదురుచూసే పావుగంట ఉంటుంది చూశారా, అంతకంటే మంచి చోటు లేదు. ఎవరికీ తొందర ఉండదు, మాట్లాడుకోవాల్సిన రోడ్డు కళ్లెదురుగానే ఉంటుంది. అట్టకు తగిలించిన మ్యాపు, రెండు స్కెచ్ పెన్నులు పట్టుకుని వారంలో మూడు రోజులు నిలబడితే, మీ ఫారం నెల రోజుల్లో తేలేని జవాబులు వస్తాయి.

ఆడపిల్లల గురించి ప్రత్యేకంగా లెక్క పెట్టుకోండి. 1990ల చివర్లో వియన్నా నగరం వాళ్లు గమనిస్తే, తొమ్మిదేళ్లు దాటిన ఆడపిల్లలు పార్కులకు రావడం బాగా తగ్గిపోతోందని తేలింది. మగపిల్లలు అలాగే వస్తున్నారు. కారణమేంటంటే మధ్యలో ఒకటే పెద్ద ఆటస్థలం, దాన్ని మగపిల్లలు ఆక్రమించేస్తే తోసుకుని లోపలికి వెళ్లే ఓపిక ఆడపిల్లలకు ఉండేది కాదు. 1999లో రెండు పార్కుల్లో మార్పులు చేశారు. ఖాళీ స్థలాన్ని చిన్న చిన్న భాగాలుగా విడదీశారు, దారులు పెంచారు, వాలీబాల్, బ్యాడ్మింటన్ ఆడుకునే చోట్లు పెట్టారు. ఆడపిల్లలు తిరిగొచ్చారు. ‘మీకేం కావాలి’ అని పార్కులో ఉన్నవాళ్లనే అడిగి ఉంటే వాళ్లకు తగిలేది మగపిల్లలే, ఇంకో పెద్ద గ్రౌండ్ అడిగేవారు.

పిల్లల చేత ‘నా కలల పార్కు’ బొమ్మలు వేయించడం నాకంత ఇష్టం ఉండదు. గోడకు అంటిస్తే ముద్దుగా ఉంటాయి, రాకెట్లు, ఈత కొలనులు వస్తాయి, ఎవరికీ దేనికీ పనికిరావు. దానికి బదులు ఒక్కొక్కరికి ఎరుపు జెండాలు మూడు, ఆకుపచ్చ జెండాలు మూడు ఇచ్చి, భయమేసే చోట ఎరుపు, ఇష్టమైన చోట ఆకుపచ్చ గుచ్చమనండి. ఓస్లోలో పిల్లలకు యాప్ ఇచ్చి, బడికెళ్లే దారిలో ఎక్కడ ఇబ్బందిగా ఉందో ‘రహస్య ఏజెంట్ల’ లాగా నగరానికి చెప్పమన్నారు. పిల్లలు దాన్ని చాలా సీరియస్‌గా తీసుకుంటారు. పొదలు ఏపుగా పెరిగి దారి కనబడట్లేదు, ఈ మూల బళ్లు ఆగవు, అని పెద్దవాళ్లకంటే సూటిగా చెప్తారు.

మీటింగ్ మళ్లీ పెట్టాలి, తప్పదు. ఈసారి స్టేజీ, మైకు మాత్రం వద్దు. మైకు ఉంటే నోరున్నవాడిదే రాజ్యం. నాలుగు బల్లలు వేయండి, ఒక్కోదాని మీద పెద్ద మ్యాపు పరచండి, బల్లకు ఆరేడుగురు. 1970లలో బ్రిటన్‌లో టోనీ గిబ్సన్ అనే ఆయన ఒక పద్ధతి పెట్టాడు. ఆ ప్రాంతం నమూనాను అట్టలతో తయారుచేసి, దాని మీద చిన్న చిన్న సూచనల కార్డులు నివాసుల చేతే పెట్టించేవాడు. కార్డు పెట్టింది ఎవరో తెలియకపోవడం అందులోని కిటుకు. గొడవ మనుషుల మీదినుంచి వస్తువు మీదికి పోతుంది. మీ పిల్లల చేత అట్టపెట్టెలతో అలాంటి నమూనా చేయించండి, వాళ్ల వెంట తల్లిదండ్రులు కూడా వస్తారు.

స్టికర్లతో ఓట్లు వేయించేటప్పుడు ఒక జాగ్రత్త. గోడ మీద చార్టు పెట్టి ‘నచ్చినదానికి అంటించండి’ అంటే మొదటి పదిమంది ఎక్కడ అంటిస్తే తక్కినవాళ్లూ అక్కడే అంటిస్తారు. ముందు ఎవరి కాగితం మీద వాళ్లు మూడు రాసుకోవాలి, ఆ తర్వాతే గోడ దగ్గరికి.

పార్కింగ్‌కు విడిగా ఒక బల్ల ఇవ్వండి. అణిచేయాలని చూస్తే అది మిగతా బల్లలన్నిటి మీదా పడుతుంది. అయితే ఆ బల్ల మీద ముందే ఒక లెక్క పెట్టి ఉంచండి. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి మూడుసార్లు ఆ రెండు వీధులూ తిరిగి, ఎన్ని బళ్లు ఆగి ఉన్నాయో, అందులో ఎన్ని రోజంతా కదలకుండా ఉన్నాయో రాసుకోండి. ‘అసలు చోటే లేదు’ అని ఒకరు, ‘బోలెడంత ఉంది’ అని ఒకరు అరిచేది ఆ కాగితం లేనప్పుడే.

వచ్చినవన్నీ విడదీసేటప్పుడు రెండు సంగతులు. మొదటిది, మామూలు రిపేర్లను సూచనల్లో కలపకండి. వెలగని దీపం, విరిగిన ఊయల, మూత లేని మ్యాన్‌హోల్, ఇవి ఫిర్యాదులు, వీటికి మూడు నెలలు ఆగక్కర్లేదు. అదే వారం మునిసిపాలిటీకి ఇచ్చి, వెంటపడి చేయించండి. ఒక్క దీపం వెలిగినా మీ మాట మీద నమ్మకం వస్తుంది, రెండో మీటింగ్‌కు మనుషులొస్తారు. రెండోది, చీటీల లెక్కే తీర్పు అనుకోకండి. ఫౌంటెన్ కావాలని అరవైమంది రాయొచ్చు, ఫుట్‌పాత్ ఎక్కడానికి వాలు కావాలని ఒక్కరే రాయొచ్చు. ఫౌంటెన్ లేకపోతే అరవైమందికీ పోయేదేం లేదు, వాలు లేకపోతే ఆ ఒక్కరు ఇల్లు దాటలేరు. ఆ వాలు మీదుగా రేపు బేబీ బండ్లూ, సూట్‌కేసులూ ఎక్కుతాయి, అది వేరే సంగతి.

వీటన్నిటికంటే ముందే మునిసిపాలిటీని అడగాల్సిన ప్రశ్న ఒకటుంది, మీరు దాన్ని అడిగినట్టు లేదు. ఇందులో మేము నిజంగా మార్చగలిగేది ఎంత? ఎంత డబ్బుంది, డ్రాయింగులు ఇప్పటికే అయిపోయాయా, చెట్లు, డ్రైనేజీ లాంటి ముట్టుకోకూడనివేమైనా ఉన్నాయా? 1969లో షెర్రీ ఆర్న్‌స్టీన్ అనే అమెరికన్ ఈ ప్రజాభాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా చెప్పింది. అట్టడుగు రెండు మెట్లూ అసలు భాగస్వామ్యమే కాదు, జనాన్ని ఊరుకోబెట్టడం. మధ్యలోవి సమాచారం ఇవ్వడం, అభిప్రాయం అడగడం లాంటివి. నిర్ణయం జనం చేతికొచ్చేది పైమెట్ల మీదే. బ్రెజిల్‌లోని పోర్తో అలెగ్రె నగరం 1989లో బడ్జెట్‌లో కొంత భాగం ఎక్కడ ఖర్చుపెట్టాలో నివాసుల సభల్లోనే తేల్చే పద్ధతి మొదలుపెట్టింది. అది పైమెట్టు. మీది ఏ మెట్టో ముందే తెలుసుకుని జనానికి ఉన్నదున్నట్టు చెప్పండి. ‘రోడ్డు వెడల్పు మారదు, ఫుట్‌పాత్, దీపాలు, గేటు చోటు మాత్రం మన చేతిలో ఉన్నాయి’ అంటే ఎవరూ ఏమీ అనుకోరు. అరచేతిలో వైకుంఠం చూపించి, చివరికి బెంచీల రంగు మాత్రం ఎంచుకోమంటే దాన్ని కంటితుడుపు అంటారు, అననివ్వండి, నిజమే కదా.

బడి గేటు ముందు బళ్లు ఆపకూడదు లాంటి మార్పు మీద ఏకాభిప్రాయం రాకపోతే వాదన పొడిగించకుండా రెండు వారాలు పరీక్షగా చేసి చూద్దామనండి. ఇటలీలోని బొల్జానోలో 1980ల చివర్లోనే బడి వేళల్లో గేటు ముందు రోడ్డును కాసేపు బళ్లకు మూసేయడం మొదలైంది, ఆ పద్ధతి తర్వాత చాలా దేశాలకు పాకింది. న్యూయార్క్‌లో టైమ్స్ స్క్వేర్ అనే రద్దీ కూడలిలో 2009లో కొంతమేర బళ్లు రాకుండా మూసేసినప్పుడు ముందు వేసింది మామూలు మడత కుర్చీలే. జనం కూర్చున్నారు, మరుసటి ఏడాది దాన్ని శాశ్వతం చేస్తామన్నారు. మీకు నాలుగు కోన్లు, సుద్ద, మునిసిపాలిటీ అనుమతి, ట్రాఫిక్ వాళ్లకు ముందుగా ఒక మాట చాలు. పరీక్షకు ముందూ తర్వాతా అదే వేళకు లెక్కపెట్టండి, లేకపోతే ‘బాగుంది’, ‘బాగోలేదు’ అని మళ్లీ మొదటికొస్తారు.

నేను చేసిన పెద్ద తప్పు కూడా చెప్పేస్తాను. ఒకచోట మూడు పెట్టెల నిండా చీటీలు సేకరించాం, రిపోర్టు రాసి పైకి పంపాం, జనానికి మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. రెండేళ్ల తర్వాత ఇంకో పని మీద అదే వీధికి వెళ్తే ఒకావిడ గుమ్మంలోనే ఆపి, ‘పోయినసారి నేనిచ్చిన చీటీ ఏమైంది?’ అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆమె రెండో చీటీ ఇవ్వలేదు. అప్పటినుంచి సేకరించిన రెండు వారాల్లోగా పార్కు గేటుకు ఒక కాగితం అంటిస్తున్నాను. ఏవి చేస్తారు, ఏవి తర్వాత చూస్తారు, ఏవి కుదరవు, ఎందుకు కుదరవు. ‘కుదరదు’ అన్న గడిని దాచకండి, జనం ముందు చదివేది దాన్నే.

మీ మూడు నెలల్లో మొదటి నెల చూడ్డానికీ, గేటు దగ్గర అడగడానికీ, నడకలకూ పెట్టుకోండి. రెండో నెలలో బల్లల మీటింగ్, ఆ వెంటనే గేటు మీద కాగితం, వీలైతే రెండు వారాల పరీక్ష. మూడో నెల రాయడానికి, రాసింది మళ్లీ జనానికి చూపించడానికి.

మీ మొదటి మీటింగ్‌లో పార్కింగ్ మీద గంటన్నర అరిచిన ఆ పెద్దమనిషి ఉన్నారే, బడి రోడ్డు నడకకు మొట్టమొదట ఆయన్నే పిలవండి. అంత కోపమున్న మనిషికి ఆ వీధిలో ప్రతి అడుగూ తెలిసే ఉంటుంది. కొలిచే టేపు ఒక కొస ఆయన చేతికివ్వండి, రెండో కొస ఎవరైనా బడిపిల్లకు.